పురిటి మంచం దగ్గర తోడు



నిర్గమకాండము మొదటి అధ్యాయాన్ని ఈ వారం కాస్త నెమ్మదిగా చదవండి. అందులో ఒక విశేషమున్నది. ఐగుప్తును ఏలిన ఆ ఫరో పేరేమిటో పవిత్ర గ్రంథం చెప్పదు. ఆయన ఎవరై ఉంటాడా అని చరిత్రకారులు నేటికీ వాదించుకొంటూనే ఉన్నారు. కాని అదే పుటలో ఇద్దరు మంత్రసానుల పేర్లు మాత్రం స్పష్టంగా వ్రాయబడి ఉన్నవి: షిఫ్రా, పూవా. రాజు పేరు కాలగర్భంలో కలిసిపోయింది, పురుడు పోసిన పేద స్త్రీల పేర్లు నిలిచిపోయినవి. దేవుని లెక్క అట్లా ఉంటుంది.

హెబ్రీ స్త్రీలకు మగబిడ్డ పుడితే అక్కడికక్కడే చంపివేయమని రాజు వారిని ఆజ్ఞాపించాడు. వారు దేవునికి భయపడినవారు గనుక ఆ పని చేయలేదు. ఎందుకు చేయలేదని రాజు నిలదీస్తే, హెబ్రీ స్త్రీలు మీ స్త్రీల వంటివారు కారు, మంచి బలం గలవారు, మేము వెళ్లేలోగానే కనివేస్తున్నారు అన్న అర్థం వచ్చేలా జవాబిచ్చారు. ఆ జవాబులో నిజమెంత, అబద్ధమెంత అని పునీత అగస్తీను వారి కాలం నుండి వేదపండితులు తర్కిస్తూ వచ్చారు. సెమినరీలో మేమూ ఒక పూటంతా తర్కించాము. ఆ తర్కం అటుంచితే, ఆ జవాబును రాజు నమ్మగలిగేంత సామాన్యమైన సత్యం ఒకటి అందులో ఉన్నది. బిడ్డను కనే బలాన్ని స్త్రీ శరీరంలో సృష్టికర్తే ఉంచాడు. మంత్రసానికి ఆ సంగతి అందరికంటే ఎక్కువగా తెలుసు. ఈనాటి పాఠానికి విషయం అదే.

విచారణ గురువుకు కాన్పుల గొడవ ఎందుకని కొందరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి. కాని బిడ్డకు జ్ఞానస్నానం అడగడానికి వచ్చే కుటుంబాలు గురువు దగ్గర కూర్చుని ముందుగా చెప్పేది కాన్పు సంగతే. ఎన్ని గంటలు నొప్పులు పడిందో, ఎప్పుడు ఆపరేషన్ అన్నారో, ఎవరి దగ్గర ఎంత అప్పు చేశారో అన్నీ బయటికి వస్తాయి. ప్రక్కన ఆ బాలింత తల వంచుకొని ఉంటుంది. ‘మా కోడలికి ఓర్పు లేదు ఫాదర్, అందుకే కోయాల్సి వచ్చింది’ అని అత్తగారు ఆ పిల్ల ఎదుటే అంటుంది. ఆ మాట వినీ వినీ ఈ వ్యాసం వ్రాయాలనిపించింది.

ముందుగా కొన్ని అంకెలు చూద్దాము. 2019–21లో జరిగిన 5వ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో నూటికి 21.5 కాన్పులు ఆపరేషన్ ద్వారా జరిగినవి. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణలో 60.7, ఇది అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ. తెలంగాణలో ప్రైవేటు ఆసుపత్రులను మాత్రమే లెక్కిస్తే నూటికి 81 దాటింది, ప్రభుత్వ ఆసుపత్రులలో 44 దాటింది. ఆంధ్రలో ప్రైవేటున 63, ప్రభుత్వాన 26 పైచిలుకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో చెప్పినదేమంటే, ఏ ప్రాంతంలోనైనా 10–15 శాతానికి మించి ఈ ఆపరేషన్లు జరగడానికి తగిన కారణం కనబడదని. 2015లో మరల పరిశీలించి, ఒక దేశంలో ఆపరేషన్లు 10 శాతం దాటిన తరువాత వాటి పెరుగుదలకూ తల్లీబిడ్డల మరణాలు తగ్గడానికీ సంబంధం కనబడలేదని చెప్పింది. మన స్త్రీలకు దేవుడు ఇచ్చిన శరీరం బీహారు స్త్రీల శరీరం కంటే, కేరళ స్త్రీల శరీరం కంటే వేరుగా లేదు గదా! అప్పుడు ఈ 60 ఎక్కడి నుండి వచ్చింది? కోడలి ఓర్పులేమి నుండి వచ్చిందని చెప్పేవారు ఆ అత్తగారి వంటివారే.

ఇక్కడ ‘సహజం’ అనే మాట గురించి కాస్త ఆలోచించాలి. పత్రికల్లో, ప్రసంగాల్లో ‘సహజ ప్రసవం’ అంటారు. ఏది సహజం? ఎవరూ తాకకుండా, ఎవరూ సాయపడకుండా, దానంతట అది జరిగిపోయేదా? అట్లా అయితే పొలంలో కలుపు సహజం, చేలో పంట అసహజం. పునీత అక్వినాసు తోమాసు వారు తమ ‘సుమ్మా తెయొలోజియె’ మొదటి భాగంలో, గురువు శిష్యునికి ఎట్లా నేర్పుతాడన్న ప్రశ్నకు జవాబు చెబుతూ ఒక చక్కని భేదం చూపారు. పనులు రెండు రకాలు. ఇల్లు కట్టడం ఒక రకం. ఇటుకలకు ఇల్లుగా మారే శక్తి తమలో లేదు, అంతా తాపీవాని నైపుణ్యమే. జబ్బు నయం చేయడం మరో రకం. నయం కావడానికి శరీరంలోనే ఒక శక్తి ఉన్నది, వైద్యుడు బయట నుండి దానికి బలం చేకూరుస్తాడు, అది వాడుకొనే సాధనాలు అందిస్తాడు. లోపలి శక్తి ప్రధాన కర్త, వైద్యుడు దాని సహాయకుడు.

కాన్పు ఈ రెండవ రకానికి చెందినది. మంత్రసాని ఇల్లు కట్టే మేస్త్రి కాదు. కనేది తల్లి. మంత్రసాని ఆ పనికి సహాయకురాలు. కనుక సహజ ప్రసవమంటే సహాయం లేని ప్రసవం కాదు. సహాయం చేసేవారు తల్లి పనిని తల్లి చేతిలోనుండి లాగివేసుకోని ప్రసవం. గ్రీకు తత్త్వవేత్త సోక్రటీసు తల్లి ఫైనరేటె మంత్రసాని. ఆయన కూడా తాను ఎవరికీ జ్ఞానం పోయనని, ఎదుటివాని లోపల ఉన్నదానికి పురుడు పోస్తానని చెప్పుకొనేవాడు. ఆ వృత్తి గొప్పతనం గ్రహించినవారు ఏథెన్సులో ఉన్నారు, మన ఊళ్లలో మాత్రం తక్కువ. ఆ సంగతికి తరువాత వస్తాను.

ప్రకృతి ఈ పనిని ఎట్లా చేస్తుందో తెలిస్తే సహాయం ఎట్లా చేయాలో తెలుస్తుంది. నొప్పులు మొదలైనప్పుడు తల్లి మెదడు నుండి ఆక్సిటోసిన్ అనే రసం రక్తంలోకి వస్తుంది. అది గర్భసంచిని అలలు అలలుగా ముడుచుకొనేట్లు చేస్తుంది. ఒక్కో అలకు గర్భసంచి ముఖద్వారం కొంచెం కొంచెం పలుచబడి తెరుచుకొంటుంది. 10 సెంటీమీటర్లు తెరుచుకొన్న తరువాత బిడ్డ దిగుతుంది. ఈ రసం స్రవించడానికి ప్రశాంతత కావాలి. తల్లి బెదిరిపోతే అడ్రినలిన్ అనే మరో రసం పెరిగి మొదటిదాన్ని అణచివేస్తుంది, నొప్పులు మందగిస్తాయి. పశువులు పెంచే మన రైతులకు ఇది పాఠం చెప్పనక్కరలేదు. ఈనబోయే గేదె చుట్టూ పదిమందిని చేరనిస్తారా? కుక్కలను తరిమి, పిల్లలను అవతలికి పొమ్మని, చీకటి మూలన కట్టి, దూరం నుండి కనిపెట్టుకొని ఉంటారు. ఆ మర్యాద మన ఆడపడుచులకు దక్కుతున్నదా? వెలుగు కళ్లలో పొడిచే గదిలో, వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కూమొహం తెలియనివారి మధ్య, పైగా కసురుకొంటూ ‘ముక్కు, ముక్కు’ అంటే ఏ రసం పెరుగుతుందో చెప్పనక్కరలేదు.

తొలిచూలు కాన్పు తొందరపడదు. ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకొనేవరకు ఉన్న దశ ఎంతసేపైనా పట్టవచ్చు. ఆ తరువాత అసలు నొప్పుల దశ తొలికాన్పులో సాధారణంగా 12 గంటలు, తరువాతి కాన్పుల్లో 10 గంటలు దాటదు. గంటకు ఒక సెంటీమీటరు చొప్పున తెరుచుకోకపోతే ఏదో చెడిపోయినట్లేనన్న పాత కొలబద్దను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో విడిచిపెట్టింది. తల్లి నడవవచ్చు, కూర్చోవచ్చు, ప్రక్కకు తిరిగి పడుకోవచ్చు, గొంతుకూర్చుని కనవచ్చు. నీళ్లు త్రాగవచ్చు, ఏదైనా తేలికగా తినవచ్చు. ప్రతి తల్లికీ కత్తెర గాటు పెట్టి కుట్లు వేయనవసరం లేదు అని కూడా అదే సంవత్సరం సూచించింది. మన నాయనమ్మల కాలంలో దూలానికి చీర కట్టి పట్టుకొని కన్నవారు ఉన్నారు. అదంతా అనాగరికమని కొట్టిపారవేసి, ఇప్పుడు అదే సంగతిని జెనీవా నుండి వింటున్నాము.

అన్నిటికంటే ముఖ్యం తోడు. 2017లో ప్రచురించిన ఒక పరిశీలనలో, వివిధ దేశాలలో 15 వేలకు పైగా స్త్రీలపై జరిగిన పరిశోధనలను కలిపి చూశారు. నొప్పుల సమయమంతా ప్రక్కన ఒక మనిషి ఉండి ధైర్యం చెప్పిన తల్లులకు సహజ కాన్పులు ఎక్కువగా, ఆపరేషన్లు తక్కువగా అయినవి. నొప్పుల సమయమూ కొంత తగ్గింది. మందు కాదు, యంత్రం కాదు, మనిషి! భారత ప్రభుత్వం కూడా 2016లో, ప్రభుత్వ ఆసుపత్రుల కాన్పు గదిలో ఒక స్త్రీని తోడుగా ఉండనివ్వాలని చెప్పింది. ఈ సంగతి తెలియక తలుపు దగ్గరే ఆగిపోయే తల్లులు, అత్తలు ఎందరో. అడగండి. మర్యాదగా, గట్టిగా అడగండి. ఎలిజబేతమ్మ ఆరవ మాసంలో ఉన్నప్పుడు మరియమాత కొండ ప్రాంతానికి త్వరపడి వెళ్లి దాదాపు మూడు మాసాలు ఉన్నదని లూకా సువార్తికుడు వ్రాశాడు. లెక్క వేసుకోండి, కాన్పు రోజుల దాకా వచ్చింది. రోజరీలో ఆ రహస్యాన్ని ధ్యానించే మనము, లోకరక్షకుని గర్భాన మోస్తున్న ఆ యువతి అక్కడ నీళ్లు తోడి, వంట చేసి, వృద్ధురాలైన తొలిచూలింత నడుము నొక్కి ఉంటుందని తలచుకొంటున్నామా?

ఇక నొప్పి గురించి. ఏవమ్మ పాపం వల్ల స్త్రీ నొప్పులు పడాలని దేవుడే శపించాడు గనుక భరించాల్సిందే, మందు అడగకూడదు అని మన సంఘాల్లో కొందరు పెద్దలు ఇంకా అంటుంటారు. ఇది శ్రీసభ బోధ కాదు. 1847లో స్కాట్లాండు వైద్యుడు సింప్సన్ కాన్పు నొప్పులకు మత్తుమందు వాడినప్పుడు ఇదే ఆదికాండ వాక్యం చూపి అభ్యంతరం చెప్పినవారున్నారు. తరువాత ఇంగ్లండులో గ్రాంట్లీ డిక్-రీడ్ అనే వైద్యుడు, భయం వల్ల శరీరం బిగుసుకొంటుంది, బిగుసుకొన్నందువల్ల నొప్పి హెచ్చుతుంది, ఆ నొప్పి మరల భయాన్ని పెంచుతుంది అని చెప్పి, భయం తీర్చడమే సగం చికిత్స అన్నాడు. రష్యా వైద్యులు మరో పద్ధతి చూపించారు. అప్పుడు కతోలిక వైద్యులకు సందేహం కలిగింది: ఇది నాస్తికుల దేశం నుండి వచ్చిన పద్ధతి గదా, వాడవచ్చునా? 12వ భక్తినాథ (పియుస్) పోపుగారు 1956 జనవరి 8న దీనిపై విపులంగా మాట్లాడారు. పద్ధతి ఎవరు కనిపెట్టారన్నది కాదు, అది సత్యమా, మంచిదా అన్నదే ప్రశ్న అని, ఇందులో నైతికంగా తప్పు లేదని చెప్పారు. ఏవమ్మకు చెప్పిన మాట తల్లులు నొప్పి తగ్గించుకొనే ఉపాయాలు వాడరాదని నిషేధించలేదని కూడా స్పష్టపరిచారు.

నిజమే గదా! అదే అధ్యాయంలో ఆదాముతో, చెమటోడ్చి తినమని దేవుడు చెప్పాడు. ఆ మాట పట్టుకొని మన పెద్దలెవరైనా ట్రాక్టరు మాని కాడి మోస్తున్నారా? మగవారి శాపానికి ట్రాక్టరు అనుమతిస్తాము, ఆడవారి శాపానికి మాత్రం సూదిమందు అనుమతించము. ఇది వేదాంతం కాదు.

నొప్పి తగ్గించే ఉపాయాల్లో మందుకంటే ముందు వచ్చేవి గోరువెచ్చని నీళ్లు, నడుము మర్దన, నడక, నెమ్మదిగా ఊపిరి తీయడం. ఇవి చాలని తల్లికి మందు ఇవ్వడంలో పాపం లేదు, అడిగిన తల్లికి సిగ్గూ లేదు.

మన తెలుగు దేశంలో మంత్రసాని ఎవరు? చాలా ఊళ్లలో మంగలి ఇంటి స్త్రీయో, మాల మాదిగ పల్లెల స్త్రీయో. అర్ధరాత్రి పిలుపు వస్తే లాంతరు పట్టుకొని వెళ్లేది. బిడ్డను మొదట తాకే చేయి ఆమెది, బొడ్డు కోసేది ఆమె, మాయ పూడ్చిపెట్టేది ఆమె, బాలింత మైలబట్టలు ఉతికేది కొన్నిచోట్ల ఆమే. మంత్రసానితనానికి ఒప్పుకొన్నాక ఏదొచ్చినా పట్టాల్సిందే అనే సామెత ఎంత మోటుగా ఉన్నా నిజం. కూలిగా కొన్ని మానికల వడ్లు, ఒక పాత చీర దక్కేవి. పురిటి స్నానం అయిపోయి పసుపు నీళ్లు చల్లిన తరువాత, తాను చేతుల్లోకి తీసుకొన్న బిడ్డ ఉన్న ఆ ఇంటి నడిమి గదిలో ఆమె అడుగు పెట్టరాదు. బిడ్డ పుట్టుకను మైల అన్నాము, ఆ మైలను ఆమె మీదికి నెట్టి మనము శుద్ధులమైనాము. మన విచారణల్లో ఎన్నో కుటుంబాలవారి ముత్తవ్వలు ఈ పని చేసినవారే. ఆ సంగతి చెప్పుకోవడానికి సిగ్గుపడే మనుమలకు నేను చెప్పేది ఒకటే. మత్తయి వ్రాసిన క్రీస్తు వంశావళిలో పెరెసు పేరున్నది. అతడు తామారుకు కవల బిడ్డగా పుట్టినప్పుడు, ముందుగా బయటికి వచ్చిన రెండవ బిడ్డ చేతికి ఎర్రనూలు కట్టి గుర్తు పెట్టినది ఒక మంత్రసాని. రక్షకుని వంశవృక్షంలో ఆమె చేయి కూడా ఉన్నది.

అయితే పాత రోజులను బంగారు పూత పూసి చూపడం అన్యాయం. ఆ రోజుల్లో కాన్పు ఆడదానికి మరో జన్మ అనేవారంటే ఉత్తినే అనలేదు. రాహేలు బేత్లెహేము దారిలో బెన్యామీనును కని కన్నుమూసింది. ఆమె ప్రక్కన మంత్రసాని ఉన్నది, ధైర్యం చెప్పింది, కాని రక్తం ఎక్కించలేదు గదా! శుభ్రం లేని కొడవలితో బొడ్డు కోస్తే బిడ్డకు ధనుర్వాతం వచ్చేది. గుర్రపువాతం వచ్చిన తల్లిని దయ్యం పట్టిందని కొట్టినవారున్నారు. అడ్డం తిరిగిన బిడ్డకు మంత్రసాని ఏమీ చేయలేకపోయేది. కాన్పులు ఆసుపత్రులకు మారిన తరువాత ఈ మరణాలు బాగా తగ్గినవి. 2004–06లో మన దేశంలో లక్ష కాన్పులకు 254 మంది తల్లులు చనిపోయేవారు. 2018–20 నాటికి 97. ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. జననీ సురక్షా యోజన, 108 బండ్లు రెండూ 2005లో వచ్చినవే. మన రెండు రాష్ట్రాల్లో ఇప్పుడు నూటికి 96 కంటే ఎక్కువ కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నవి. కనుక సహజ ప్రసవం పేరు చెప్పి ఇంట్లోనే కందామని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కావలసినది ఆసుపత్రిని విడిచిపెట్టడం కాదు. మంత్రసాని ఓర్పును, నేర్పును ఆసుపత్రిలోకి తేవడం.

ఈ మాట మన కతోలికులకు కొత్తది కాకూడదు. గుంటూరు వెళ్లినవారు సెయింట్ జోసఫ్ ఆసుపత్రిని చూసి ఉంటారు. 1920 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా నుండి ఒక వైద్యురాలు గుంటూరు చేరింది. పేరు మేరీ గ్లౌరీ, వయసు 32. మెల్బోర్నులో వైద్యం చదివి పేరు తెచ్చుకొన్నది. ఆగ్నెస్ మెక్లారెన్ అనే వైద్యురాలిని గురించిన ఒక చిన్న పుస్తకాన్ని 1915లో చదివింది. పురుష వైద్యుల ఎదుటికి రాలేక భారత స్త్రీలూ, పసిబిడ్డలూ వైద్యం అందక చనిపోతున్నారని తెలుసుకొని మనసు మార్చుకొన్నది. బయలుదేరేముందు ప్రసూతి, స్త్రీల వ్యాధులు, కంటి వైద్యాలలో ఉన్నత పట్టా పుచ్చుకొన్నది. యేసు మరియ జోసెఫుల సభ, అంటే మన జె.ఎం.జె. మఠంలో చేరి సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్ అయింది.

ఆ రోజుల్లో మఠకన్యలు వైద్యం చేయడానికి, అందులోనూ పురుళ్లు పోయడానికి, శ్రీసభ చట్టం అనుమతించేది కాదు. కన్యావ్రతం పట్టినవారికి పురిటి గది తగదని భావన. (పురిటి మైల మన ఊళ్లలోనే లేదన్నమాట!) మేరీ గ్లౌరీకి 15వ బెనెడిక్టు పోపుగారి ప్రత్యేక అనుమతి కావలసి వచ్చింది. ఆ అనుమతితో ఆమె లెక్కలేనంత మంది తల్లులను, బిడ్డలను చూసింది. దానితో ఆగలేదు, మన స్త్రీలకు మంత్రసాని పనిలో, నర్సు పనిలో, మందులు కలిపే పనిలో శిక్షణ ఇచ్చింది. శ్రీసభ చట్టం మారినది 1936లో. ఆ సంవత్సరం ఫిబ్రవరి 11న, లూర్దుమాత పండుగనాడు, మిషను దేశాలలో తల్లీబిడ్డల ప్రాణాలు కాపాడటానికి మఠకన్యలు వైద్యమూ, ప్రసూతి పనీ నేర్చుకోవచ్చునని, నేర్చుకోవాలని రోము నుండి ఉత్తర్వు వెలువడింది. దాని వెనుక వైద్య మిషను కన్యల సభను 1925లో స్థాపించిన ఆన్నా డెంగెల్ వంటివారి పట్టుదల ఉన్నది. మేరీ గ్లౌరీ 1943లో కతోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించింది. 1957లో బెంగుళూరులో మరణించింది. 2013లో ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించారు. మన మేత్రాసన ఆసుపత్రుల్లో ఆమె పటం ఉంటే సంతోషం. కాని ఆమె చేసిన రెండవ పని, అంటే స్థానిక స్త్రీలను మంచి మంత్రసానులుగా తీర్చిదిద్దే పని, పటం కంటే ముఖ్యమైనది.

ఆ పని ఇప్పుడు మరల మొదలైంది. హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఆసుపత్రిలో డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ 2011 నుండి నర్సులకు ప్రత్యేకంగా మంత్రసాని విద్య నేర్పించసాగారు. 2017లో తెలంగాణ ప్రభుత్వం, యూనిసెఫ్ వారితో కలిసి కరీంనగర్‌లో ప్రభుత్వ నర్సులకు 18 నెలల శిక్షణ ప్రారంభమైంది. మొదటి జట్టులో 30 మంది. 2018 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ మార్గదర్శక సూత్రాలు విడుదల చేసింది. ఇబ్బందులు లేని గర్భిణులకు ఈ నర్సులే కాన్పు చేస్తారు, ఇబ్బంది కనబడితే ప్రక్కనే ఉన్న వైద్యురాలిని పిలుస్తారు. ఇందులో కొత్తేమీ లేదు. ఐరోపాలో చాలా దేశాలు తరతరాలుగా చేస్తున్నది ఇదే. ఇంటర్మీడియట్ అయి, నర్సింగు చదవాలనుకొనే మన అమ్మాయిల తల్లిదండ్రులారా, గల్ఫు, లండను ఉద్యోగాలే కాక ఇదీ ఒక దారి అని గుర్తుంచుకోండి.

ఆపరేషన్ మాటకు వస్తాను. అవసరమైనప్పుడు అది దేవుడు మనుష్యుని తెలివికి ఇచ్చిన వరం. మాయ ముఖద్వారాన్ని మూసివేసినప్పుడు, బిడ్డ అడ్డంగా ఉన్నప్పుడు, బిడ్డ గుండె చప్పుడు తగ్గిపోతున్నప్పుడు ఆలస్యం చేయడమే తప్పు. కాన్పులకు పాలకుడైన పునీత రేమండు వారికి నొన్నాతుస్ అనే బిరుదు ఉన్నది, పుట్టనివాడు అని అర్థం. చనిపోయిన తల్లి కడుపు కోసి తీశారని సంప్రదాయం. ఇటలీ వైద్యురాలు పునీత జాన్నా బెరెట్టా మొల్లా 1962లో నాలుగవ బిడ్డను ఆపరేషన్ ద్వారానే కన్నది. వారం తరువాత మరణించింది. 2004లో శ్రీసభ ఆమెను పునీతగా ప్రకటించింది. ఆమె కాన్పు కాన్పు కాదని చెప్పగలమా? ఆపరేషన్ అయిన కోడలిని ఎత్తిపొడిచే అత్తగారికి ఈ ఇద్దరు పునీతులను చూపించండి.

అవసరం లేనప్పుడు మాత్రం అది కడుపు మీద గాయం. రక్తం ఎక్కువ పోతుంది, కోలుకోవడం ఆలస్యం, ముర్రుపాలు పట్టడం ఆలస్యం. 39 వారాలు నిండకుండా తీసిన బిడ్డకు ఊపిరి ఇబ్బందులు రావచ్చు. మరుసటి కాన్పులో మాయ పాత మచ్చకు అతుక్కుపోయే ప్రమాదం ఒక్కో ఆపరేషన్‌తో పెరుగుతుంది. ముహూర్తం చూసి కోయించుకొనేవారిని గురించి మనము ఎగతాళిగా మాట్లాడుతాము. మన ఇళ్లలో పంచాంగం లేదు, నిజమే. కాని ‘సెప్టెంబరు 8 మరియమాత పుట్టినరోజు గదా ఫాదర్, ఆ రోజే తీయించుకొందామని డాక్టరమ్మను అడిగాము, మీరు దీవించండి’ అని వచ్చిన కుటుంబం నాకు తెలుసు. పేరు మార్చినంత మాత్రాన ముహూర్తం ముహూర్తం కాకుండా పోదు. ఆ రోజు తీయమని తల్లి అడగలేదు, మామగారు అడిగారు. మరియమాత కాన్పు రోజును ఎవరూ నిర్ణయించలేదు. జనాభా లెక్కల కోసం ప్రయాణంలో ఉండగా నెలలు నిండినవని లూకా వ్రాశాడు.

మొదటి కాన్పు ఆపరేషన్ అయితే రెండవదీ తప్పదనుకోవడం కూడా సరి కాదు. తగిన తల్లులను ఎంచి, అన్ని ఏర్పాట్లూ ఉన్న ఆసుపత్రిలో ప్రయత్నిస్తే నూటికి 60 నుండి 80 మంది మామూలుగా కంటారు. మొదటి ఆపరేషన్ ఎందుకు చేశారో కాగితం తీసి దాచుకోండి, అది రెండవ కాన్పుకు చాలా అవసరం. అయిదవ నెలలోనే డాక్టరును అడగండి: మీ దగ్గర మామూలు కాన్పులు ఎన్ని అవుతున్నవి? నొప్పుల్లో నడవనిస్తారా? మా అమ్మ ప్రక్కన ఉండవచ్చునా? బిడ్డ పుట్టిన తరువాత బొడ్డు కోయడానికి ఒక నిమిషమైనా ఆగుతారా, వెంటనే నా రొమ్ము మీద పడుకోబెడతారా? అడిగితే కోపగించుకొనే చోటు కంటే విని జవాబు చెప్పే చోటు మేలు. బిడ్డ పుట్టగానే రక్తస్రావం ఆపడానికి ఇచ్చే ఆక్సిటోసిన్ సూదిని మాత్రం వద్దనకండి. ఎన్నో ఇళ్లను తల్లి లేని ఇళ్లు కాకుండా కాపాడినది ఆ చిన్న సూది.

కొన్ని గుర్తులు కనబడితే ప్రార్థన చేస్తూనే బండి ఎక్కండి. రక్తం పోవడం, తల పగిలే నొప్పి, కళ్లు మసకలు, మొహం చేతులు ఉబ్బడం, ఫిట్స్, ఉమ్మనీరు పచ్చగానో దుర్వాసనతోనో పోవడం, బిడ్డ కదలిక తగ్గడం, జ్వరం, నెలలు నిండకుండా నొప్పులు రావడం. కాన్పు అయిన తరువాత ఒక్క గంటలో రెండు మూడు గుడ్డలు తడిసిపోయేంత రక్తం పోతున్నా అంతే. ఆదివారం పూజ అయిన తరువాత వెళ్దామనుకోకండి. పూజ మీ కోసం ఆగుతుంది, రక్తం ఆగదు.

చివరగా గురువుగా నా వంతు రెండు సంగతులు. పూర్వం మంత్రసానులకు విచారణ గురువులు అత్యవసర జ్ఞానస్నానం నేర్పేవారు. ఆ నియమం నేటికీ ఉన్నది. ప్రాణాపాయంలో ఉన్న బిడ్డకు శ్రీసభ ఉద్దేశించినది చేయాలన్న తలంపుతో ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వవచ్చు, నర్సు హిందువైనా, ముస్లిమైనా సరే. బిడ్డ తల మీద మూడుసార్లు మామూలు నీళ్లు పోస్తూ, బిడ్డ పేరు పలికి, పిత, పుత్ర, పవిత్రాత్మల నామమున జ్ఞానస్నానం ఇస్తున్నానని చెప్పాలి. బిడ్డకు చేస్తున్న వైద్యం దీనికోసం ఆపనక్కరలేదు, దూదితో నీరు చల్లినట్లు కాక చర్మం మీద పారేట్లు కొద్దిగా పోస్తే చాలు. తరువాత గుడికి వచ్చి పుస్తకంలో వ్రాయించండి.

రెండవది, కాన్పుకు ముందు తల్లికి ఇచ్చే ఆశీర్వాదం మన ఆశీర్వచనాల గ్రంథంలో ఉన్నది. తొమ్మిదవ నెలలో భార్యాభర్తలు కలిసి రండి. ముందుగా చెప్పనక్కరలేదు. నొప్పులు రాత్రి రెండు గంటలకు మొదలై, ఆసుపత్రికి పోయే దారిలో గుడి తగిలితే, గురువుల బంగళా తలుపు తట్టండి. ఆటోలోనే కూర్చోండి, నేనే బయటికి వస్తాను.